పై బోర్డుకి హార్డ్ డిస్క్ తగిలించే ముందు కరెంటు లెక్క

రాత్రి పన్నెండింటికి, ఇల్లంతా నిద్రపోయాక, షెల్ఫ్‌లోంచి టిక్ టిక్ అని వినిపిస్తే బల్లి అనుకున్నాను. తీరా చూస్తే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి తగిలించిన 2 టీబీ హార్డ్ డిస్క్. అక్క పెళ్లి వీడియోలు, నాన్న తీసిన పాత ఫొటోల స్కాన్లు అన్నీ ఆ రాత్రి దాంట్లోకి కాపీ అవుతున్నాయి. పొద్దున లేచి చూసేసరికి కాపీ సగంలో ఆగిపోయి ఉంది, డిస్క్ అసలు లిస్టులోనే లేదు. ల్యాప్‌టాప్‌కి పెడితే మాత్రం శుభ్రంగా పనిచేసింది. కేబుల్ మార్చాను, ఫార్మాట్ కొట్టాను, మెమరీ కార్డులో సిస్టమ్ మళ్లీ ఎక్కించాను. రెండు ఆదివారాలు అలా పోయాక తెలిసింది, డిస్క్‌కి ఏ రోగమూ లేదు, కరెంటు చాలడం లేదంతే.

మీ ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై ఉండి, దానికి ఒక డిస్క్ తగిలించి ఫొటోలకో సినిమాలకో చిన్న సర్వర్‌లా వాడుకుందామనుకుంటుంటే, సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకముందే ఈ పని చేయండి. ఓ అరగంట పడుతుంది.

రెండు మాటలు ముందే చెప్పేస్తాను. తెలుగులో 'పై' అంటే వేరే అర్థం వస్తుంది కాబట్టి ఇకమీదట దాన్ని 'బోర్డు' అంటాను, మోడల్ పేరు చెప్పాల్సినచోట మాత్రం పై 3, పై 4, పై 5 అని రాస్తాను. కమాండ్లను, ఫైల్ పేర్లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాను. మీరు మాత్రం కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ముందు డిస్క్‌ని తిరగేసి చూడండి

డిస్క్ వెనకాల లేబుల్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంప్స్ అని ఉంటుంది. అరచేతిలో పట్టే చిన్న డిస్కులు, అంటే 2.5 అంగుళాలవి, 5 వోల్టుల మీదే నడుస్తాయి. విడిగా అడాప్టర్ ఉండదు, యూఎస్‌బీ కేబుల్‌లోంచే కరెంటు లాగుతాయి. ఇటుకలా బరువుగా ఉండే 3.5 అంగుళాల డిస్కులకు 12 వోల్టులు కూడా కావాలి. యూఎస్‌బీలో ఆ 12 వోల్టులు రావు, అందుకే వాటితో పాటు అడాప్టర్ ఇస్తారు. మీ దగ్గర ఉన్నది ఈ పెద్ద రకమైతే సగం టెన్షన్ తీరినట్టే. దాని కరెంటు అది గోడ నుంచి తెచ్చుకుంటుంది, బోర్డు నుంచి తీసుకునేది డేటా మాత్రమే. ఇబ్బందంతా చిన్న డిస్కులతోనే.

చిన్న డిస్క్ తిరుగుతూ చదవడం, రాయడం చేస్తున్నప్పుడు సుమారు అర ఆంప్ తీసుకుంటుంది, రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. అసలు గండం మొదలయ్యే క్షణంలో ఉంది. ఊళ్లో బోరు మోటారు స్విచ్ వేయగానే ఇంట్లో బల్బు ఒక్క క్షణం మసకబారడం చూసే ఉంటారు. డిస్క్ లోపల ఉన్నదీ మోటారే. డేటా ఉండే పళ్లేన్ని, ఆగి ఉన్నదాన్ని, నిమిషానికి 5400 చుట్ల వేగానికి తీసుకురావాలంటే ఆ ఒకటి రెండు సెకన్లు దాదాపు ఒక ఆంప్ లాగుతుంది. ఆ కాస్త సేపు కరెంటు అందకపోతే మోటారు వేగం అందుకోలేక ఆగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. నేను బల్లి అనుకున్నది ఆ చప్పుడే.

చిప్‌లలోనే డేటా దాచుకునే ఎస్ఎస్‌డీలో మోటారు లేదు కాబట్టి ఈ మొదటి కుదుపు ఉండదు. అలాగని అది ఏమీ తినదనుకోవద్దు. ఖాళీగా ఉన్నప్పుడు చాలా తక్కువే తీసుకుంటుంది, పెద్ద ఫైళ్లు వరసగా రాస్తుంటే మాత్రం హార్డ్ డిస్క్‌ని మించిపోయేవి ఉన్నాయి. ఎన్‌వీఎంఈ కార్డుని, అంటే ఇంకా వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ రకాన్ని, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వాడేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. మామూలు సాటా ఎస్ఎస్‌డీ కంటే అవి ఎక్కువ లాగుతాయి, వేడీ ఎక్కువే.

మీ బోర్డు ఎంత ఇవ్వగలదు

బోర్డు అడాప్టర్ మీద 3 ఆంప్స్ అని ఉంది కదా, డిస్క్‌కి ఒకటి ఇచ్చేస్తే పోలా అనుకుంటాం. అలా కుదరదు. యూఎస్‌బీ పోర్టులకు ఇంత మించి ఇవ్వకూడదని బోర్డులోనే ఒక పరిమితి పెట్టి ఉంటుంది.

పై 4 లో నాలుగు పోర్టులకూ కలిపి 1.2 ఆంప్స్. ఒక్కో పోర్టుకి కాదు సుమా, నాలుగూ కలిపి. పై 3 లోనూ ఇంతే. పై 5 లో అది పెట్టిన అడాప్టర్‌ని బట్టి మారుతుంది. 5 ఆంప్స్ ఇచ్చే అడాప్టర్ అని గుర్తిస్తే 1.6 ఆంప్స్ దాకా వదులుతుంది, లేకపోతే అన్ని పోర్టులకూ కలిపి 600 మిల్లీ ఆంప్స్ దగ్గర కట్టేస్తుంది. కొత్త బోర్డు కొన్నాం, పాత పై 4 అడాప్టరే పెట్టాం, నిన్నటిదాకా బాగా నడిచిన డిస్క్ ఇవాళ లేవడం లేదు అనేవాళ్ల కథ చాలావరకు ఇదే. 2012లో వచ్చిన మొట్టమొదటి బోర్డుల్లో అయితే యూఎస్‌బీ పోర్టుకి 140 మిల్లీ ఆంప్స్ ఫ్యూజు ఉండేది. కీబోర్డు, మౌస్ తప్ప ఇంకేం పెట్టలేకపోయేవాళ్లం. పై జీరో లాంటి చిట్టి బోర్డుల మీద డిస్క్ పెట్టాలంటే సొంత అడాప్టర్ ఉన్న హబ్, అంటే ఒక పోర్టుని నాలుగైదు చేసే డబ్బా, లేకుండా ఆలోచించనే వద్దు.

ఇప్పుడు కూడిక చేయండి. పై 4 కి ఒక చిన్న హార్డ్ డిస్క్ అంటే లేచేటప్పుడు 1 ఆంప్, కీబోర్డు డాంగిల్ ఏదైనా ఉంటే ఇంకో 0.1. మొత్తం 1.1. గీత దాటలేదు, కానీ దానికి ఆనుకునే ఉంది. రెండు డిస్కులైతే? తిరుగుతున్నప్పుడు 0.5, 0.5 కలిపి ఒకటే కదా అనిపిస్తుంది. బోర్డు ఆన్ చేయగానే రెండూ ఒకేసారి లేస్తాయి, అప్పుడు 2 ఆంప్స్ కావాలి. పని జరగదు. ఒక్కోసారి జరిగినా నమ్ముకోవద్దు.

నా లెక్క ఇది: పై 4 మీద ఒక ఎస్ఎస్‌డీ అయినా, ఒక చిన్న హార్డ్ డిస్క్ అయినా మంచి అడాప్టర్ ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు. అంతకు మించితే డిస్కుల తిండి వాటికి విడిగా పెట్టాల్సిందే.

అడాప్టర్, దాని కేబుల్

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. ఇంట్లో 65 వాట్ల ఫాస్ట్ చార్జర్ ఉంది, దానికంటే బలమైనది ఏముంటుందని అదే పెట్టాను. ఆ 65 వాట్లు అది 20 వోల్టుల దగ్గర ఇస్తుంది. బోర్డుకి కావాల్సింది 5 వోల్టులు. యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతిలో నడిచే చార్జర్లు 5 వోల్టుల దగ్గర మామూలుగా 3 ఆంప్స్‌తోనే ఆగిపోతాయి, పైన ఎంత పెద్ద అంకె రాసి ఉన్నా సరే. చార్జర్ ఒంటి మీద ఉన్న చిన్న అక్షరాలను ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదవండి. 5 వోల్టుల పక్కన ఎన్ని ఆంప్స్ ఉందో అదొక్కటే మీకు పనికొచ్చే అంకె. చాలా ఫోన్ చార్జర్ల మీద అక్కడ 2 అనో 3 అనో కనిపిస్తుంది. పై 5 కోసం కంపెనీ అమ్మే 27 వాట్ల అడాప్టర్ ప్రత్యేకత ఇదే. 5.1 వోల్టుల దగ్గర 5 ఆంప్స్ ఇస్తానని అది బోర్డుకి చెబుతుంది, బోర్డు అప్పుడే పోర్టుల గేటు తెరుస్తుంది.

ఆ గేటుని చేత్తో తెరిచే దారి కూడా ఒకటుంది. కాన్ఫిగ్ టెక్స్ట్ ఫైల్‌లో 'యూఎస్‌బీ మ్యాక్స్ కరెంట్ ఎనేబుల్' అన్న మాటలను అండర్‌స్కోర్ అనే కింది అడ్డగీతలతో కలిపి రాసి, దాని విలువ 1 అని పెడితే పై 5 ఆ 600 పరిమితిని పక్కన పెట్టేస్తుంది. మీ అడాప్టర్ నిజంగా 5 ఆంప్స్ ఇవ్వగలిగినదై, బోర్డు దాన్ని గుర్తించలేకపోతున్నప్పుడు మాత్రమే ఇది వాడండి. ట్యాంకులో నీళ్లు లేనప్పుడు కుళాయి ఎంత తిప్పినా ఏం లాభం?

కేబుల్ సంగతి ఇంకా విచిత్రం. సన్న పైపులోంచి నీళ్లు వదిలితే అవతల జోరు తగ్గినట్టే, సన్న తీగలో వోల్టేజీ దారిలోనే కరిగిపోతుంది. చాలా చౌక కేబుళ్లలో పవర్ తీగ 28 గేజ్ ఉంటుంది, గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఆ తీగ మీటరు పొడవుకి, పోను రాను కలిపి, 0.43 ఓమ్స్ నిరోధం. బోర్డు, డిస్క్ కలిసి 2 ఆంప్స్ లాగుతున్నాయనుకోండి, 0.43ని 2తో గుణిస్తే 0.86. అడాప్టర్ దగ్గర 5.1 ఉన్నది బోర్డు దగ్గరికి వచ్చేసరికి 4.24కి దిగిపోతుంది. 4.63 వోల్టుల కంటే తగ్గితే బోర్డు కరెంటు చాలడం లేదని గోల పెడుతుంది. అదే పొడవుకి 20 గేజ్ తీగైతే పోయేది 0.13 వోల్టులే. అధికారిక అడాప్టర్ 5 కాకుండా 5.1 వోల్టులు ఇవ్వడం, కేబుల్‌ని విడదీయలేకుండా దానికే అతికించి ఇవ్వడం ఈ నష్టాన్ని లెక్కలో పెట్టుకునే. డబ్బు ఒక్కచోటే పెట్టగలనంటే ఆ అడాప్టర్ మీద పెట్టమంటాను. డిస్క్ మీద కాదు, బోర్డుకి వేసే అందమైన డబ్బా మీద అసలే కాదు.

పాత పై 4 కొనుక్కున్నవాళ్లకు ఒక చిన్న మాట. 2019లో వచ్చిన మొదటి విడత పై 4 బోర్డుల్లో టైప్ సీ పోర్టు దగ్గర ఒక రెసిస్టర్ తక్కువ పెట్టారు. దానివల్ల లోపల చిప్ ఉండే కొన్ని ఖరీదైన ల్యాప్‌టాప్ కేబుళ్లు ఆ బోర్డుని ఇయర్‌ఫోన్ లాంటిదేదో అనుకుని కరెంటే ఇవ్వవు. తర్వాతి విడతలో సరిచేశారు. సెకండ్ హ్యాండ్ బోర్డు ఒక కేబుల్‌తో అసలు వెలగకపోతే, పోయిందని తీర్మానించే ముందు మామూలు కేబుల్‌తో చూడండి.

బోర్డునే అడగండి

ఊహాగానాలు అక్కర్లేదు, కరెంటు తగ్గిందా లేదా అన్నది బోర్డే రాసిపెట్టుకుంటుంది. టెర్మినల్ తెరిచి 'వీసీజెన్‌సీఎండీ' అని, అంటే వీ సీ జీ ఈ ఎన్ సీ ఎం డీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, 'గెట్', అండర్‌స్కోర్, 'త్రాటిల్డ్' అని కొట్టండి. జవాబు సున్నా, ఎక్స్ తర్వాత ఒక అంకెగా వస్తుంది.

ఎక్స్ తర్వాత ఒట్టి 0 ఉంటే అంతా క్షేమం. 50000 అని వస్తే బోర్డు ఆన్ చేసిన దగ్గర్నుంచి ఎప్పుడో ఒకసారి వోల్టేజీ పడిపోయింది, దాంతో వేగం తగ్గించుకోవాల్సి వచ్చింది, ఇప్పుడు మాత్రం బాగానే ఉంది. 50005 అయితే ఈ క్షణంలో కూడా పడిపోయే ఉంది. 80000 లేదా ఇంగ్లీషు అక్షరం 'ఈ' తర్వాత నాలుగు సున్నాలు వస్తే అది కరెంటు గొడవ కాదు, వేడి. ఫ్యాన్ సంగతి చూసుకోండి. ఇది రీస్టార్ట్ చేస్తే చెరిగిపోయే లెక్క కాబట్టి, గొడవ జరిగిన వెంటనే, బోర్డు ఆపకుండా చూడాలి. నేను ప్రతిసారీ మొదట రీస్టార్ట్ కొట్టి, తర్వాత ఇది చూసి, '0 ఉంది కదా' అని నన్ను నేను మోసం చేసుకున్నాను.

'డీమెసేజ్' అని పిలుచుకునే కమాండ్, అంటే డీ తర్వాత ఎం ఈ ఎస్ జీ అని కొట్టేది, ఇంకొంచెం వివరంగా చెబుతుంది. దాంట్లో 'అండర్‌వోల్టేజ్ డిటెక్టెడ్' అన్న మాట దొరికితే తప్పు బోర్డు అడాప్టర్‌దో దాని కేబుల్‌దో. 'ఓవర్ కరెంట్' అని ఉంటే పోర్టుల పరిమితి దాటారు. 'రీసెట్ సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్' అన్న లైను పదే పదే వస్తుంటే డిస్క్ ఊడిపోయి మళ్లీ తగులుకుంటోందని అర్థం.

ఈ చివరి లైను దగ్గర తొందరపడొద్దు. డిస్క్ డబ్బాలో ఉండే మార్పిడి చిప్‌కీ బోర్డుని నడిపే లైనక్స్ సిస్టమ్‌కీ పొసగకపోయినా ఇదే లైను వస్తుంది. యూఏఎస్ అనే వేగవంతమైన పద్ధతిని కొన్ని చిప్‌లు సరిగా పాటించవు. నెట్‌లో వెతికితే అందరూ దాన్ని ఆపేయడం ఎలాగో చెబుతారు, అది ఆపితే వేగం తగ్గుతుంది. అందుకే ముందు ఇది తేల్చుకోండి: అదే డిస్క్‌ని, అదే కేబుల్‌తో, సొంత అడాప్టర్ ఉన్న హబ్‌కి పెట్టండి. రీసెట్లు మాయమైతే కరెంటు సమస్య. అలాగే కొనసాగితే అప్పుడు చిప్ మీద అనుమానపడండి.

డిస్క్ నోటి నుంచే విందామంటే 'స్మార్ట్‌సీటీఎల్' అనే కమాండ్ ఉంది. అది చూపించే పట్టికలో 192వ నంబరు వరసలో, చాలా డిస్కుల్లో, 'పవర్ ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్' అని ఉంటుంది. చెప్పాపెట్టకుండా కరెంటు పోతే డిస్క్ తన సూదిని హడావిడిగా పక్కకు లాక్కుంటుంది, అలా ఎన్నిసార్లు జరిగిందో ఆ లెక్క. ఇవాళ ఎంత ఉందో కాగితం మీద రాసుకోండి. వారం తర్వాత చూస్తే, మీరేమీ ఊడబెరకకుండానే అది పెరిగి ఉంటే, డిస్క్‌కి తిండి మధ్యలో ఆగుతోంది.

హబ్ కొనేటప్పుడు

విడిగా అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్, దుకాణంలో 'పవర్డ్ హబ్' అని అడగండి. అడాప్టర్ లేని హబ్ వల్ల పోర్టుల సంఖ్య పెరుగుతుంది తప్ప కరెంటు పెరగదు. బోర్డు ఇచ్చే ఆ 1.2 ఆంప్స్‌నే అది నలుగురికి పంచుతుంది. పవర్ పెట్టుకోవడానికి రంధ్రం ఉంటుంది గానీ అడాప్టర్ పెట్టెలో ఇవ్వని హబ్‌లు కూడా ఉన్నాయి, అవి వేరే కథ. పెట్టె మీద బొమ్మ చూసి మోసపోకుండా లోపల ఏమేం ఉన్నాయో చదవండి.

హబ్ అడాప్టర్ ఎంత ఉండాలి? యూఎస్‌బీ 3 పోర్టు ఒక్కొక్కటి 0.9 ఆంప్స్ ఇవ్వాలన్నది నియమం. నాలుగు పోర్టులకు 3.6. కాబట్టి 5 వోల్టులు, 4 ఆంప్స్ అడాప్టర్ ఉన్నది తీసుకోండి. 12 వోల్టుల అడాప్టర్ ఇచ్చే హబ్‌లూ ఉంటాయి. వాటికి 2 ఆంప్స్ అంటే 24 వాట్లు, లోపల 5కి దించేటప్పుడు కొంత పోయినా 4 ఆంప్స్‌కి దగ్గరగా మిగులుతుంది. ఏడు పోర్టులు పెట్టి 5 వోల్టులు, 2 ఆంప్స్ అడాప్టర్ ఇచ్చేవి చూశాను. దానికి రెండు హార్డ్ డిస్కులు పెడితే లేచేటప్పుడే ఉన్నదంతా అయిపోతుంది.

రెండు మూతుల కేబుల్, వై కేబుల్ అంటారు, దాని గురించి కూడా అడుగుతుంటారు. డిస్క్‌కి ఒక మూతి, ఇటువైపు రెండు. ఆ రెండూ బోర్డుకే పెడితే ఉపయోగం లేదు, రెండు పోర్టులూ తాగేది ఒకే బిందెలోంచి. ఒకటి బోర్డుకి, ఇంకొకటి ఫోన్ చార్జర్‌కి పెట్టమని చెప్పేవాళ్లున్నారు. లోపల 5 వోల్టులు మోసే రెండు ఎర్ర తీగలూ నేరుగా కలిసే ఉంటాయి కాబట్టి చార్జర్ కరెంటు బోర్డులోకి వెనక్కి నడుస్తుంది. నేనైతే ముట్టుకోను. బోర్డు పిన్నుల నుంచి తీగలు లాగి డిస్క్‌కి ఇవ్వడం కూడా అలాంటి పనే.

వెనక్కి నడిచే కరెంటు అన్నాను కదా, హబ్‌లలోనూ ఈ జబ్బు ఉంటుంది. హబ్ తెచ్చిన రోజే పరీక్షించండి. హబ్ అడాప్టర్ ఆన్ చేసి, హబ్‌ని బోర్డుకి తగిలించి, బోర్డు అడాప్టర్‌ని మాత్రం తీసేయండి. బోర్డు మీద లైట్లన్నీ పూర్తిగా ఆరిపోవాలి. మినుకు మినుకుమంటున్నా సరే, హబ్ తన కరెంటుని బోర్డులోకి తోస్తున్నట్టు. అలాంటిది ఉంటే బోర్డు ఆపి ఆన్ చేసినా నిజంగా ఆగదు, సగం ప్రాణంతో ఉండి, మళ్లీ లేవడానికి మొండికేస్తుంది. హబ్ మూతిలో ఎర్ర తీగ పిన్నుకి టేపు వేసే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. ఆ పిన్నుని చూసే అవతల కంప్యూటర్ ఉందని గుర్తించే హబ్‌లు టేపు వేశాక అసలు పనిచేయవు. హబ్‌ని వాపసు ఇచ్చి వేరేది తెచ్చుకోవడం తేలిక. నేను కొన్న మొదటి హబ్ ఈ పరీక్షలో తప్పింది, పది రోజుల గడువు లోపల చూసుకున్నాను కాబట్టి బతికిపోయాను.

తగిలించే వరస

బోర్డుని పద్ధతిగా షట్‌డౌన్ చేయండి, అడాప్టర్ తీయండి. హబ్ కేబుల్‌ని పై 4, 5 లో నీలం రంగు పోర్టుకి పెట్టండి, నలుపువి పాత వేగంవి. డిస్కుల్ని హబ్‌కి పెట్టండి. కీబోర్డు, మౌస్ నేరుగా బోర్డు నలుపు పోర్టులకే ఉంచేయండి, వాటి కోసం హబ్‌లో చోటు వృథా చేయొద్దు. ముందు హబ్ స్విచ్ వేసి, డిస్కులు తిరగడం మొదలై చప్పుడు నిలకడగా మారేదాకా పది సెకన్లు ఆగి, అప్పుడు బోర్డు ఆన్ చేయండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద అన్నీ ఒకేసారి ఆన్ అయినా సాధారణంగా ఇబ్బంది రాదు, ఎందుకంటే బోర్డు లేచేసరికి డిస్కులు తయారై ఉంటాయి.

డిస్క్ పెట్టగానే వైఫై నెమ్మదించిందా? ఇది కరెంటు సంగతి కాదు. యూఎస్‌బీ 3 కేబుళ్ల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, లేదా లాన్ కేబుల్ వేయండి. డిస్క్‌ని బోర్డు నెత్తిన పెట్టకుండా ఒక అడుగు దూరం జరిపినా తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఏడిపించి చూడండి. ఒక 50 జీబీ సినిమాల ఫోల్డర్‌ని డిస్క్‌లోకి కాపీ పెట్టండి. రెండు డిస్కులుంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి పెట్టండి. అదే సమయంలో బోర్డు మీద వీడియో ఏదైనా మార్పిడి చేయించండి, ప్రాసెసర్ కూడా గట్టిగా లాగాలి. గంట తర్వాత ఇందాక చెప్పిన రెండు కమాండ్లు మళ్లీ చూడండి. 0 ఉండి, రీసెట్లు లేకపోతే ఇక సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టొచ్చు. ఈ పరీక్ష అయ్యేదాకా ఇంట్లో ఒక్క కాపీయే ఉన్న ఫొటోలను ఆ డిస్క్‌లోకి తరలించకండి. కాపీ చేయండి, పాతవి అక్కడే ఉంచండి.

కరెంటు పోయినప్పుడు

మన దగ్గర దీని గురించి చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే. ఎండాకాలం మధ్యాహ్నాలు, గాలివాన సాయంత్రాలు ఉండనే ఉన్నాయి.

అన్నిటికంటే చెడ్డ పరిస్థితి ఏంటో చూడండి: బోర్డు ఇన్వర్టర్ లైను మీద ఉంది, హబ్ మాత్రం పక్క ప్లగ్గులో మామూలు లైను మీద ఉంది. కరెంటు పోతుంది. బోర్డు బతికే ఉంటుంది, దాని కాళ్ల కింద డిస్క్ చచ్చిపోతుంది. రాస్తున్న ఫైలు మధ్యలో తెగుతుంది. బోర్డు, హబ్, పెద్ద డిస్కుల అడాప్టర్లు అన్నీ ఒకే బాక్సు మీద, ఒకే లైను మీద ఉండాలి. ఉంటే అన్నీ ఉండాలి, పోతే అన్నీ పోవాలి. ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాన్ని ఆ మోడ్‌లో పెట్టండి, మామూలు మోడ్‌లో లైను మారేటప్పుడు వచ్చే ఖాళీ కొన్ని అడాప్టర్లకు ఎక్కువైపోతుంది. వైఫై రౌటర్ కోసం అమ్మే చిన్న యూపీఎస్‌ల మీద ఆశ పెట్టుకునే ముందు వాటి 5 వోల్టుల పోర్టు పక్కన రాసిన ఆంప్స్ చూడండి. 2 అని ఉంటే డిస్క్ ఉన్న బోర్డుకి చాలదు.

డిస్క్‌ని ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేయండి. మధ్యలో కరెంటు పోయినా లేచాక తన లెక్కలు తాను సరిచేసుకోవడానికి దాంట్లో జర్నల్ అనే చిట్టా ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ చిట్టా లేదు. విండోస్ ల్యాప్‌టాప్‌కి అప్పుడప్పుడు పెట్టుకోవచ్చని ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకుంటారు చాలామంది, ఇరవై నాలుగు గంటలూ షెల్ఫ్‌లోనే ఉండే డిస్క్‌కి ఆ సౌకర్యం ఎందుకు?

లేచేటప్పుడు ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో బోర్డు చూసుకునే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో డిస్క్‌ని రాసేటప్పుడు పేరుతో కాకుండా, యూయూఐడీ అనే దాని సొంత గుర్తింపు నంబరుతో రాయండి, పక్కన 'నోఫెయిల్' అన్న మాట చేర్చండి. అది లేకపోతే ఏదో ఒక రోజు డిస్క్ లేవడం ఆలస్యమై, బోర్డు దాని కోసం ఎదురుచూస్తూ మధ్యలోనే కూర్చుండిపోతుంది. మానిటర్ కూడా లేని బోర్డు అలా కూర్చుంటే ఎక్కడ ఆగిందో తెలుసుకోవడం నరకం.

నోఫెయిల్ పెట్టాక దాని వెనకే ఇంకో చిక్కు వస్తుంది. డిస్క్ లేవకపోయినా బోర్డు లేస్తుంది, డిస్క్ ఉండాల్సిన ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. రాత్రి బ్యాకప్ ప్రోగ్రామ్ ఆ ఖాళీ ఫోల్డర్‌లోకే ఫైళ్లన్నీ పోసేస్తుంది, అంటే మీ 32 జీబీ మెమరీ కార్డులోకి. తెల్లారేసరికి కార్డు నిండిపోయి బోర్డు కదలదు. దీనికి చిన్న మందు ఉంది. డిస్క్ తగిలించకముందు, ఆ ఖాళీ ఫోల్డర్ మీద 'సీహెచ్ఏటీటీఆర్' కమాండ్‌ని ప్లస్ ఐ తో కొట్టండి. ఇక దాంట్లో ఎవరూ ఏమీ రాయలేరు. డిస్క్ దాని మీద తగులుకున్నాక మామూలుగా రాసుకోవచ్చు, ఎందుకంటే అప్పుడు కనిపించేది డిస్క్, కింద తాళం వేసిన ఫోల్డర్ కాదు.

వాడనప్పుడు డిస్క్‌ని నిద్రపుచ్చాలంటే 'హెచ్‌డీపార్మ్' కమాండ్‌లో చిన్న గీత, క్యాపిటల్ ఎస్ తర్వాత 241 అని ఇస్తే అరగంట ఖాళీగా ఉన్నాక ఆగుతుంది. 120 ఇస్తే పది నిమిషాలకే. నేను పది నిమిషాలు వద్దంటాను. ఆగిన ప్రతిసారీ మళ్లీ లేవాలి, లేచిన ప్రతిసారీ ఆ ఒక ఆంప్ కుదుపు, మోటారుకి అరుగుదల. ఫోన్‌లో ఫొటోలు చూసేవాళ్లకు పది సెకన్ల నిరీక్షణ. కరెంటు బిల్లు కోసమైతే అంత బాధ అక్కర్లేదు: బోర్డు, డిస్క్, హబ్ కలిపి 10 వాట్లు అనుకున్నా నెలంతా ఆపకుండా నడిస్తే 7 యూనిట్లు, సీలింగ్ ఫ్యాన్ తినేదానికంటే తక్కువ.

చివరిగా, ఆ డిస్క్‌ని ఫ్రిజ్ మీద పెట్టకండి. మా ఇంట్లో ముందు అక్కడే ఉండేది. కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా వచ్చే వణుకు తిరుగుతున్న పళ్లేనికి మంచిది కాదు, పైగా అమ్మ దుమ్ము దులిపిన ప్రతిసారీ హబ్ కేబుల్ ఊడేది.